లాగే డబ్బా

మా దగ్గర లాగు అంటే నిక్కరు. చిన్నప్పుడు అంగీ, లాగు తొడుక్కొనే బడికి పోయాం. బరువు లాగడాన్ని మేం గుంజుడు అంటాం గానీ, కార్ల దగ్గరికీ లారీల దగ్గరికీ వచ్చేసరికి అందరి నోటా లాగుడే. "బండి లాగుతలేదు మిస్త్రీ, ఏందో సూడు" అంటారు. వీటికి తోడు నేను షార్జా నుంచి మూడో మాట ఒకటి మోసుకొచ్చాను. ఇంజను నడుస్తున్నంతసేపూ దాని లోపల జరిగేదంతా ఒక చిన్న డబ్బా రాసిపెట్టుకుంటుంది. ఆ రాతకు లాగ్ అని పేరు. దాన్ని కంప్యూటర్లో తెరిచి చదివి, ఇంజను రోగం చెప్పడం నా పని.

ఈ మూడు మాటలూ ఒకచోట పడితే ఏమవుతుందో కోరుట్లలో షెడ్డు తెరిచిన వారానికే తెలిసింది. ఎదురుగా ఉన్న చాయ్ హోటలాయనతో, "లాగ్ తీసేదుంది, జగిత్యాల దాక పోయొస్త" అన్నాను. "ఎవనిది తీస్తవ్ రా లాగు, పట్టపగలు?" అన్నాడాయన. హోటలంతా పడీ పడీ నవ్వింది. ఆనాటి నుంచి నేను లాగు మిస్త్రీని. తొమ్మిదేళ్ళు ఎండలో మాడి నేర్చుకొచ్చిన విద్యకు మా ఊరివాళ్ళు ఇచ్చిన బిరుదు అది. నాకు అప్పుడూ నవ్వు రాలేదు, ఇప్పుడూ రాదు. ఇప్పుడు రాకపోవడానికి కారణం మా తమ్ముడు.

షార్జాలో మా షెడ్డుకు వచ్చే కార్లన్నీ మదమెక్కినవే. ఇంజను తనంతట తాను పీల్చుకొనే గాలి చాలదని, బెల్టుతో తిరిగే పంపు ఒకటి బిగించి గాలిని బలవంతంగా లోపలికి కుక్కుతారు. దాన్ని సూపర్‌చార్జర్ అంటారు. గాలి ఎక్కువ పోతే పెట్రోలు ఎక్కువ కాలుతుంది, బండి ముందుకు దూకుతుంది. లెక్క తప్పిందంటే మాత్రం మంట వేళకు ముందే అంటుకొని లోపల టకటకా కొట్టుకుంటుంది. దాన్ని నాక్ అంటారు. నాక్ ముదిరితే పిస్టన్ పగులుతుంది. చెవికి స్పష్టంగా వినిపించేసరికి చేటు జరిగిపోయి ఉంటుంది కాబట్టి డబ్బా పెట్టి లాగ్ తీస్తాం. సెకనుకు పది వరసలు రాస్తుంది. ఒక్కో వరసలో ఇరవై గడులు: వేళ, వేగం, ఇంజను తిరుగుడు, పెడలు ఎంత తొక్కారు, గాలి వత్తిడి, గాలి వేడి, నాక్, ఇట్లా.

అక్కడి ఫోర్‌మన్ నాకు నేర్పిన మొదటి పాఠం, అన్ని గడులూ చూడకు, పిచ్చెక్కుతుంది అని. బండిని నువ్వు ఏం అడిగావో ఆ గడి ఒక్కటే చూడు. ఒకసారికి ఒక్కటే మార్చు, మళ్ళీ లాగ్ తీయి, మళ్ళీ ఆ గడే చూడు. ఆ పాఠమే నాకు అన్నం పెట్టింది. కోరుట్లకు వచ్చాక కూడా నేను అది తప్పలేదు. చుట్టుపక్కల మిస్త్రీలు ఒక్క రోగానికి ప్లగ్గులు, పంపు, వైర్లు అన్నీ మార్చి, ఏ మందుకు తగ్గిందో తెలియక తల గోక్కొంటుంటే, నాకు వాళ్ళ మీద జాలి కూడా కలిగేది కాదు. చిన్నచూపే.

ఇక తమ్ముడి సంగతి. వాణ్ణి సౌదీకి పంపింది ఒక ఏజెంటు. ఇల్లు జగిత్యాలలో, ఆఫీసు సిరిసిల్ల బస్టాండు దగ్గర మేడ మీద. డ్రైవరు వీసా అని చెప్పాడు. అక్కడ దిగాక చూస్తే స్టీరింగు లేదు, ఎడారిలో మేకల మంద ఉంది. ఏడాదిన్నర మేకలు కాసి, మా తమ్ముడు ఒకనాడు నీళ్ళ ట్యాంకరెక్కి పారిపోయాడు. పాస్‌పోర్టు మేకల యజమాని దగ్గరే ఉండిపోయింది. అట్లా కాగితాలు లేకుండా దాక్కొని బతికేవాళ్ళను మావాళ్ళు ఖల్లివెల్లి అంటారు. గంభీరావుపేట మనిషి ఒకతనితో కలిసి ఒక గదిలో ఉంటూ, దొరికిన కూలికి పోతూ, మూడేళ్ళు ఖల్లివెల్లిగా ఉన్నాడు. ఇక్కడ వాడి భార్య, మా మరదలు, చాట ఒళ్ళో పెట్టుకొని బీడీలు చుట్టేది. వాడు విమానమెక్కినప్పుడు కడుపులో ఉన్న పిల్లగాడు నాలుగేళ్ళవాడయ్యాడు. వాడికి తండ్రి అంటే ఫోనులో కనిపించే మొహమే.

ఆ ఎండాకాలం అక్కడి సర్కారు ఆమ్నెస్టీ ప్రకటించింది. కాగితాలు లేనివాళ్ళు ఫలానా ఆదివారంలోగా పేరు రాయించుకుంటే శిక్ష లేకుండా ఇంటికి పంపుతారు. ఆ ఆదివారం దాటాక పట్టుబడితే జైలే. మా తమ్ముడి వీసా కాగితం అసలు ప్రతి ఏజెంటు బీరువాలో ఉంది. దాని మీద అతని సంతకం పెట్టించి, హైదరాబాదులోని సర్కారు ఆఫీసులో ఇస్తే, వాళ్ళు అక్కడికి పంపుతారని చెప్పారు. నేను నాలుగుసార్లు సిరిసిల్ల పోయాను. నాలుగుసార్లూ మెట్ల మీద కూర్చొని తిరిగొచ్చాను. ఐదోసారి ఏజెంటే నా షెడ్డుకు వచ్చాడు.

అతని కారు రోగం అతణ్ణి తెచ్చింది. ఎవరో హైదరాబాదులో వదిలించుకున్న పాత విదేశీ కారు అది, సూపర్‌చార్జర్ ఉన్నది. మా చుట్టుపక్కల పట్టణాల్లో అట్లాంటి బండి ఇంకోటి లేదు. నల్లటి పొగ కక్కుతోంది, ఎత్తు ఎక్కమంటే మొరాయిస్తోంది. జగిత్యాల మిస్త్రీలు నలుగురు విప్పి బిగించారు. చివరికి ఎవరో లాగు మిస్త్రీ దగ్గరికి పొమ్మన్నారట.

"తమ్మీ, నువ్వు నా బండి సూడు, నీ తమ్ముని పని నేను సూస్త" అన్నాడు. "నేనే హైదరాబాద్ పోయి ఇచ్చొస్త. మీరు పోతె గేటు కాడనే ఆపుతరు."

"ఆదివారమే ఆఖరు అన్నా" అన్నాను. అతణ్ణి అన్నా అని పిలవడానికి నా నాలుక తిరగలేదు. అయినా పిలిచాను.

"ఆదివారమెందుకు, మంగళారమే పోతున్న. రంది పెట్టుకోకు."

మరదలు మా దగ్గరున్న కాగితాలన్నీ ప్లాస్టిక్ కవరులో పెట్టి, బీడీ కట్టలకు వాడే ఎర్ర దారంతో రెండు చుట్లు చుట్టి ఇచ్చింది. తన బీరువాలోని వీసా కాగితం సంతకం చేసి దీనికి కలుపుతానని చెప్పి, ఏజెంటు దాన్ని కారు ముందు అరలో పడేశాడు.

నిజం చెప్పాలి. ఆ మనిషిని చూస్తే నాకు ఒళ్ళు మండేది గానీ, ఆ ఇంజనును చూస్తే కడుపు నిండేది. షార్జా నుంచి వచ్చాక నా విద్యకు తగిన బండి తగలడం అదే మొదలు. కోరుట్ల, జగిత్యాల మధ్య నాలుగుసార్లు నడిపి లాగ్ తీశాను. నేను అడిగిన మొదటి ప్రశ్న, గాలి వత్తిడి ఎక్కడ పడిపోతోంది అని. పెడలు పూర్తిగా తొక్కిన ప్రతిసారీ వత్తిడి పైకి లేచి, ఒకే అంకె దగ్గర చటుక్కున కిందికి జారుతోంది. అంటే పంపులో లోపం లేదు, దారిలో ఎక్కడో కారిపోతోంది. పైన చూస్తే అన్ని గొట్టాలూ బాగానే ఉన్నాయి. మా బాపు కల్లు గీయడానికి తాటిచెట్లు ఎక్కిన మోకుతాడు షెడ్డులో మేకుకు వేలాడుతుంటుంది. దాంతో ఇంజనును కొంచెం పైకి ఎత్తి కట్టి, కింద పడుకొని తడిమాను. పంపు నుంచి గాలి పోయే రబ్బరు గొట్టం అడుగున నా వేలంత చీలిక. మామూలుగా మూసుకొని ఉంటుంది, వత్తిడి పెరిగినప్పుడే నోరు తెరుస్తుంది. గాలి లోపలికి పోయిందనుకొని కారులోని కంప్యూటరు పెట్రోలు పోస్తోంది, అది మాత్రం చీలికలోంచి బయటికి పోతోంది. నల్ల పొగ అందుకే. నలుగురు మిస్త్రీలు పెట్రోలు పంపు మార్చిన చోట నేను గొట్టం మార్చాను.

గొట్టం మారాక బండి లాగింది, కానీ వేడెక్కితే నాక్ మొదలైంది. పాత యజమాని ఎవడో వేగం చాలక, పంపు ఇంకా జోరుగా తిరగాలని దానికి చిన్న పుల్లీ వేయించాడు. గాలి పరిమితికి మించి వస్తోంది. కారు కంప్యూటరులో మంట అంటుకొనే వేళలు రాసి ఉండే గడుల్లోకి పోయి, వేళ కొంచెం వెనక్కి జరిపాను. అయితే ఈ రోగం దగ్గరి ప్రయాణాల్లో తెలియదు. గంటల తరబడి ఎండలో నడిస్తేనే బయటపడుతుంది. హైదరాబాదు పోయిరావడం కంటే మంచి పరీక్ష ఏముంది? కాగితాలూ పోతాయి, నా లాగూ వస్తుంది. ఎవరు ఎవరికి ఉపకారం చేస్తున్నారో తెలియనంత బాగా కుదిరింది.

సోమవారం సాయంత్రం బండి తీసుకుపోవడానికి వచ్చినప్పుడు, స్టీరింగు కింద గుచ్చి ఉన్న డబ్బాను చూపించి, "ఇది లాగర్ అన్నా, పీకొద్దు" అన్నాను.

"లాగుతదా?" అన్నాడు మొహం వెలిగిపోతూ.

విడమరిచి చెప్పడానికి నాకు ఓపిక లేదు. ఆ మనిషికి నా విద్య గురించి నాలుగు మాటలు చెప్పడం కూడా దండగ అనిపించింది. "ఆఁ, లాగుతది" అన్నాను.

అది మొదలు ఆ డబ్బా అతనికి లాగే డబ్బా అయిపోయింది. "దుబాయి డబ్బ పెట్టిచ్చిన, బండి సర్రున పోతుంది" అని జగిత్యాలలో కనపడ్డవాడికల్లా చెప్పుకున్నాడట. ఆ మాట హోటలు దాకా వచ్చింది. నేను సరిదిద్దలేదు. మొదటిసారి నా మీద కాక ఇంకొకడి మీద నవ్వుతున్నారని లోలోపల సంబరపడ్డాను.

మంగళవారం పోయి, బుధవారం పొద్దున్నే బండి తెచ్చి షెడ్డు ముందు ఆపాడు. "ఇచ్చొచ్చిన తమ్మీ. నాలుగు దినాలల్ల అక్కడికెళ్ళి మెసేజ్ వస్తది, అప్పటిదాక గది దాటద్దని జెప్పు" అన్నాడు. నేను తల ఊపుతూనే డబ్బాలోంచి కార్డు తీసి కంప్యూటరుకు పెట్టాను. మంగళవారం నాటిది దాదాపు ఎనిమిది గంటల లాగ్. నేను బండిని అడిగిన ప్రశ్న నాక్. నాక్ గడి తెరిచాను. పై నుంచి కింది దాకా సున్నా. ఎనిమిది గంటల మే నెల ఎండలో ఒక్కటంటే ఒక్క నాక్ లేదు. షార్జాలో కూడా నాకు అంత శుభ్రమైన లాగ్ రాలేదు. సాయంత్రం అతనికి ఫోను చేసి మరీ చెప్పాను, సూపరుందన్నా, ఒక్క నాక్ లేదు అని. గొంతులో ఆ గర్వం తలచుకుంటే ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఇంటికి పోయి అన్నానికి కూర్చుంటే, మరదలు గిన్నె పట్టుకొని నిలబడింది. వాళ్ళ అక్క తంగళ్ళపల్లిలో ఉంటుంది, రోజూ సిరిసిల్లకు సాంచాల పనికి, అంటే మరమగ్గాల మీదికి, వస్తుంది.

"బావా, నిజంగ పోయిండంటవా? మంగళారం పగటీలి మా అక్క ఆ కారును సూసిందట. సిరిసిల్లల ఫంక్షన్ హాలు ఎన్క ఆగి ఉందట. అద్దాలెక్కిచ్చుకొని లోపల నలుగురు పత్తాలాడుతున్నరట."

"సిరిసిల్ల మీదికెళ్ళే గద హైదరాబాద్ పోవాలె. ఆగి ఉంటడు."

"కారు స్టార్ట్‌ల్నే ఉందట, పొద్దు వంగేదాక. మా అక్క చాయ్‌కి పోంగ సూసింది, వాపసు వస్తుంటె సూసింది."

"మీ అక్కకు కారు కారుకు ఫరకెరుకనా?" అన్నాను. "నా కాడ ఎనిమిది గంటల రికార్డుంది. పోయొచ్చిన బండి పోలేదంటవేంది?"

ఆమె గిన్నె కింద పెట్టి లోపలికి పోయింది. నేను కంప్యూటరు మనిషిని, వాళ్ళ అక్క సాంచాల కాడ కూలి. ఎవరి మాట నిలవాలో ఆ ఇంట్లో ముందే తేలిపోయి ఉంది.

తమ్ముడు ఫోను చేసింది అప్పుడే. "అన్నా, మా గంభీరావుపేటాయిన రేపు పోయి లైన్ల నిలవడ్తడట. నన్ను గూడ రమ్మంటున్నడు. కాగితాల్లేకున్నా కొంతమందియి రాసుకుంటున్నరట. పోవాల్నా?"

"వద్దురా. దారిల పోలీసోళ్ళు పడితె మొత్తానికే పోతది. నీ కాగితాలు ముట్టినయ్. మెసేజ్ వచ్చేదాక గది దాటకు."

"పక్కానా?"

"పోయొచ్చిన లాగ్ నా ముంగట్నే ఉంది."

"మరి కారెట్లుంది?" అన్నాడు వాడు. బండి నా చేతిలో ఉన్న పది రోజులూ ఫోనులో వాడికి నేను చెప్పింది ఆ ఇంజను ముచ్చటే. చీలిన గొట్టం సంగతి చెప్పినప్పుడు, గదిలో ఒక్కడే కూర్చొని బిగ్గరగా నవ్వాడు.

"ఒక్క నాక్ లేదురా" అన్నాను.

"నీ చెయ్యి పడ్డంక ఎట్లుంటది" అన్నాడు.

గురువారం గంభీరావుపేట మనిషి లైన్లో నిలబడ్డాడు. కాగితాలు లేకుండానే అతని పేరు రాసుకున్నారు. శుక్రవారం, శనివారం, ఆదివారం మా తమ్ముడు గది దాటలేదు. మెసేజ్ రాలేదు. ఏజెంటుకు ఫోను చేస్తే, "వస్తది, అందరియి ఒక్కపారే వస్తయ్" అన్నాడు. ఆదివారం గడిచిపోయింది. సోమవారం అక్కడ మళ్ళీ పోలీసులు వీధుల్లోకి దిగారని తమ్ముడే చెప్పాడు. "ఇగ మెసేజ్ వస్తదా అన్నా?" అని అడిగాడు. లైను కలవలేదన్నట్టు ఫోను పెట్టేశాను.

మంగళవారం ఏజెంటు మనిషి ఒకడు కారు తెచ్చి వదిలిపోయాడు. నిన్న చుట్టాలను ఎక్కించుకొని కరీంనగర్ పోతుంటే దారంతా టకటకా కొట్టుకుందట. నాకు నమ్మబుద్ధి కాలేదు. ఎనిమిది గంటల్లో లేని నాక్ గంటసేపట్లో ఎట్లా వస్తుంది? కొత్త లాగ్ తెరిచాను. నిజమే, గడి నిండా నాక్. వారం కిందటి లాగ్ తెరిచి రెండూ పక్కపక్కన పెట్టాను. తేడా ఎక్కడో తెలియాలంటే ఇప్పుడు మిగతా గడులు కూడా చూడాలి. వేగం గడి తెరిచాను.

గంటన్నర మెల్లగా నడిచింది. పెడలు సగం కూడా తొక్కలేదు, ఏ తొందరా లేని మనిషి నడిపిన నడక. పదకొండు దాటి పది నిమిషాలకు సున్నా. కిందికి జరిపాను. సున్నా. ఇంకా కిందికి. సున్నా. ఇంజను తిరుగుతూనే ఉంది, ఏసీ కోసం. నాలుగున్నర దాకా వరస తర్వాత వరస సున్నాలే, సరిగ్గా మరదలి అక్క చూసిన వేళ. తర్వాత గంటన్నరలో వెనక్కి వచ్చింది. కదలని బండికి నాక్ ఎక్కడి నుంచి వస్తుంది? నేను నా చేతి పనితనం అనుకొని మురిసిపోయింది, ఆ మనిషి కూర్చొని పేక పత్తాలాడిన సేపు చూసి.

నాక్ గడికీ వేగం గడికీ మధ్య తెర మీద రెండు వేళ్ళ దూరం కూడా లేదు. బుధవారం నాడు నా చూపు అటు తిరిగి ఉంటే, హైదరాబాదు ఆఫీసుకు పోవడానికి గురువారం, శుక్రవారం మాకు చేతిలో ఉండేవి. ఏమీ చేయలేకపోయినా, కనీసం వాణ్ణి ఆపకుండా ఉండేవాణ్ణి.

అదే కారెక్కి సిరిసిల్లకు బయల్దేరాను. కథలాపూర్ దాటాక పెడలును నేలకు తొక్కిపెట్టాను. పగిలితే పగలనీ, పిస్టన్లు ముక్కలై రోడ్డు మీద పడనీ అనుకున్నాను. ఇంజను టకటకా కొట్టుకుంటూ మొత్తుకుంది. చందుర్తి దాకా ఆ మోతను పళ్ళు బిగించి విన్నాను. వేములవాడ ఇంకా కొంత దూరం ఉందనగా బండి పక్కకు ఆపాను. ఎందుకు ఆపానో నాకే తెలియదు. కంప్యూటరు ఒళ్ళో పెట్టుకున్నాను. గాలి వేడెక్కినప్పుడు పనికొచ్చే ఆరు గడుల్లో మంట వేళను ఇంకో రెండు డిగ్రీలు వెనక్కి జరిపి, మళ్ళీ బయల్దేరాను. నా తమ్ముడి గొంతు కోసినవాడి కారు అది. నా చేతులు నా కోపం మాట వినలేదు. మిగతా దారంతా అది ఒక్క చప్పుడు లేకుండా లాగింది.

మేడ మీద అతని గది ముందు బల్ల మీద ఏడెనిమిది మంది కూర్చొని ఉన్నారు, గల్ఫ్ పోవాల్సినవాళ్ళు. వాళ్ళను దాటుకొని లోపలికి పోయి కంప్యూటరు అతని బల్ల మీద తెరిచాను.

"ఏంది తమ్మీ, నువ్వే తెచ్చినవ్? లాగుతుందా?" అన్నాడు.

"పోయిన మంగళారం నువ్వు హైదరాబాద్ పోలేదు."

"ఎవడన్నడు?"

"నీ బండన్నది. పదకొండుకు ఈడ ఆగింది. నాలుగున్నర దాక కదల్లే. ఏసీ నడుస్తనే ఉంది. గిదో, సూడు."

అతను తెర వైపు చూశాడు, నా వైపు చూశాడు. "గది లాగే డబ్బ అంటివి గద?"

"రాసే డబ్బ."

"అంటె నా బండ్ల నాకే తెల్వకుంట దొంగను కూసోబెట్టినవా?" అన్నాడు. నిజంగానే మనసు నొచ్చుకున్నవాడిలా మొహం పెట్టాడు. నేను కాగితాలు అడిగాను. సొరుగు లాగి కవరు తీసి బల్ల మీద పెట్టాడు. ఎర్ర దారం రెండు చుట్లూ అట్లాగే ఉన్నాయి, ముడి కూడా విప్పలేదు. "రేపో మాపో పోదామనే ఉంటి. గా దినమే ఫంక్షన్ వచ్చె" అన్నాడు.

అతని కాలరు పట్టుకున్నాను. ఒక దెబ్బ కూడా పడిందనుకుంటాను. బయటి బల్ల మీదివాళ్ళు లోపలికి ఉరికి వచ్చి నన్ను వెనక్కి లాగారు. అతణ్ణి కాదు, నన్ను. "ఏజెంట్‌తోని లొల్లి పెట్టుకోకన్నా, మా పాసుపోర్టులు ఆయన కాడనే ఉన్నయ్" అని ఒకడు నా రెక్క పట్టుకొని బతిమాలాడు. వాడికి మా తమ్ముడి వయసే ఉంటుంది. వాడి మీద కూడా నాకు అసహ్యం వేసింది.

ఏజెంటు కాలరు సర్దుకున్నాడు. "బుధారమే సూసినవ్ గద నువ్వు. ఫోన్ జేసి సూపరుందన్నా అంటివి, ఒక్క నాక్ లేదంటివి. గప్పుడు కనవడలేదా గీ సున్నాలు? నన్నడుగుతున్నవ్!"

అబద్ధం తప్ప పలకని ఆ నోట అన్నేళ్ళలో నేను విన్న ఒకే ఒక్క నిజం అది. తాళం చెవులు బల్ల మీద పడేసి, కవరు తీసుకొని, బస్సెక్కి ఇంటికి వచ్చాను. మరదలు కవరు చూసింది, ముడి చూసింది. మా వాళ్ళకు జరిగిందంతా చెప్పాను, ఏజెంటు తప్పుతో సహా, నా తప్పుతో సహా. ఆనాటి నుంచి ఆమె నన్ను బావా అని పిలవడం మానేసింది. అన్నం గిన్నె నా ముందు పెట్టి, "మీ పెద్దబాపును తినుమను" అని పిల్లగాడితో చెప్పేది.

మూడు వారాలకు తమ్ముడు దొరికిపోయాడు. ఎనిమిది నెలలు జైల్లో ఉన్నాడు. ఈలోగా ఏజెంటు ఆ డబ్బాను పీకి పారేశాడని, అది పీకినంక బండి లాగుడు తగ్గిందని చెప్పుకు తిరుగుతున్నాడని హోటలాయన చెప్పాడు. ఆయన నవ్వాడు. నేను లేచి వచ్చేశాను.

తమ్ముడు ఇంటికి వచ్చిన మూడోనాడు షెడ్డుకు వచ్చాడు. అంగీ వాడి భుజాల మీద నిలవడం లేదు. పిల్లగాడు ఇంకా వాడి దగ్గరికి పోవడం లేదని, మీసాలు చూసి భయపడుతున్నాడని చెప్పాడు. నేను చాయ్ తెప్పించాను. తిడతాడని ఎదురుచూశాను. తిట్టమని నా ప్రాణం కొట్టుకుంది. వాడు గోడకు వేలాడే మోకును, కంప్యూటరును, ఖాళీ షెడ్డును చూశాడు.

"అన్నా, గా కారు ఇప్పుడు లాగుతుందా?" అన్నాడు.

ఎగతాళి కాదు. నిజంగానే అడుగుతున్నాడు.

"లాగుతుంది" అన్నాను.

"అయితె ఒక్క పనన్న అయింది" అని, వాడు చల్లారిపోయిన చాయ్ తాగాడు.